యుద్ధం బాగుంది, కంచె దగ్గరే ల్యాగు!

2015 దసరా. అక్టోబర్ 22. తెనాలిలో మ్యాట్నీ వదిలారు. సైకిల్ స్టాండులోంచి బళ్లు బయటికి తీసేలోపే తీర్పులు మొదలయ్యాయి.

"యుద్ధం అదిరింది బాబాయ్. ఆ తుపాకులేంది, ఆ మంచేంది! మన సినిమాలాగే లేదు."

"ఏం అదరటం? నాలుగు ట్యాంకులు, ఇరవైమంది తెల్లోళ్లు. దాన్ని ప్రపంచ యుద్ధం అంటారా? మా గోవాడ తిరనాళ్లకి ఇంతకంటే జనం వస్తారు."

"హీరోయిన్ చీరలు బాగున్నాయి."

"చివర్లో హీరోని చంపేశాడు. ఇంకేం ఆడుద్దీ సినిమా?"

"అన్నీ బాగున్నాయి గానీ అబ్బాయ్, ఆ ఊళ్లో కంచె గొడవ ఉంది చూడూ, అక్కడే ల్యాగయింది. ఆ ముక్క కోసేస్తే సినిమా ఎక్కడికో పోయేది."

చివరి తీర్పు ఇచ్చినాయన మా అమృతలూరు పెద్దమనిషే. వరసకి నాకు మావయ్య. సినిమా పేరు 'కంచె'. అందులోంచి కంచె తీసెయ్యమంటున్నాడు. పులిహోర బాగుంది, చింతపండు తీసేస్తే ఇంకా బాగుండేది అన్నట్టు.

అప్పుడు పగలబడి నవ్వాను. ఆటో ఎక్కి కూర్చున్నాక అనిపించింది, ఆ సైకిల్ స్టాండులో ఉన్నమాట అన్నవాడు ఈయనొక్కడేనని. మా ప్రాంతానికి యుద్ధంతో పేచీ ఏమీ లేదు. ఎంత కావాలంటే అంత వెయ్యండి, చూస్తాం. కంచె దగ్గరికి వచ్చేసరికే కూర్చోలేం.

ఆ రోజు ఇంకో సినిమా కూడా మొదలైంది, మర్చిపోయారా? అదే దసరా రోజు ఉద్దండరాయునిపాలెంలో అమరావతికి శంకుస్థాపన. ప్రధాని వచ్చారు. పార్లమెంటు ఆవరణలోంచి మట్టి తెచ్చారు. యమున నీళ్లు తెచ్చారు. అంతకు ముందే ఊరూరి మట్టి, ఊరూరి నీళ్లు ముంతల్లో పట్టుకుపోయారు. చప్పట్లు కొట్టాం. ఏ సినిమాకైనా ఇంటర్వెల్ పావుగంట. ఈ సినిమాకి తొమ్మిదిన్నరేళ్లు. పనుల పునఃప్రారంభానికి అదే ప్రధాని మళ్లీ 2025 మే 2న వచ్చారు. సమోసాలు చల్లారిపోయి ఎన్నేళ్లయిందో లెక్కెట్టుకోండి.

సరే, మా కుర్రాళ్లలో సగంమంది 'కంచె'కి రానే లేదు. అదే రోజు 'రాజు గారి గది' వచ్చింది. దయ్యం సినిమా. డబ్బులు చేసుకుంది కూడా అదే. హిట్లర్ కన్నా దయ్యం నయం. దయ్యానికి కనీసం కామెడీ ట్రాకు ఉంటుంది.

ఇక నిపుణులు. వీళ్ల తూకం చూశారా? రెండు ముప్పావు. మూడు పావు. సినిమాని కంసాలి తరాజులో పెట్టి తూస్తారు. రెండు ముప్పావుకీ మూడుకీ మధ్య ఆ పావులో ఏముంటుంది? ఒక పాటా? ఒక శవమా? యుద్ధం సినిమాకి పావు నక్షత్రం తక్కువైతే చచ్చినవాళ్లలో ఎంతమంది తక్కువ చచ్చినట్టు? ఎవడూ చెప్పడు. "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ స్లో, బీజీఎం సూపర్." ఇంతే. ఇంటర్వెల్ దగ్గర బ్యాంగు పడకపోతే నార్మండీలో దిగిన సైన్యాన్ని కూడా వెనక్కి పంపించేస్తారు.

వీళ్ల పైన ట్రేడ్ పండితులు. వీళ్లకి ఒక పంచాంగం ఉంది. ఎ సెంటర్లు, బి సెంటర్లు, సి సెంటర్లు. హైదరాబాద్ ఎ. తెనాలి బి. మా అమృతలూరు లాంటి ఊళ్లు సి. మమ్మల్ని అడిగి వేశారా ఈ గ్రేడు? పరీక్ష పెట్టారా? "యుద్ధం సినిమా బి, సి సెంటర్లలో ఎక్కదండీ, వాళ్లకి మాస్ కావాలి" అంటారు. ఆంధ్రా ప్యారిస్ అని మురిసిపోయిన తెనాలి ఇది. చక్రపాణి ఇక్కడివాడు. కొడవటిగంటి కుటుంబరావు ఇక్కడివాడు. ఘట్టమనేని కృష్ణది పక్కనే బుర్రిపాలెం. అంతెందుకు, ఈ 'కంచె'కి మాటలు రాసిన సాయిమాధవ్ బుర్రా తెనాలి మనిషే! అంటే మాటలు రాసిపెట్టేటప్పుడు మేం ఎ సెంటర్. టికెట్టు కొనేటప్పుడు బి సెంటర్. అర్థం కాలేదనడానికి ఎవడో ఒకడు కావాల్సి వచ్చినప్పుడు సి సెంటర్.

సినిమా ఫ్లాపైతే ప్రేక్షకుడి స్థాయి చాలలేదు. హిట్టయితే దర్శకుడి దార్శనికత. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. 'కంచె'కి 2016 మార్చిలో జాతీయ అవార్డు ప్రకటించారు, ఉత్తమ తెలుగు చిత్రంగా. సైకిల్ స్టాండులో "ట్యాంకులు చాల్లేదు" అన్నవాళ్లే ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర "నేనప్పుడే చెప్పా" అన్నారు.

ఇంతకీ ఆ యుద్ధం గురించి ఎవరన్నా ఒక్క మాట మాట్లాడారా? తుపాకుల గురించి మాట్లాడారు. మంచు గురించి మాట్లాడారు. కథలో ఇటలీ అయినా షూటింగ్ జార్జియాలో జరిగిందని, రోజుకి ఇంత ఖర్చయిందని మాట్లాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలు. తిరిగిరానివాళ్లు 87 వేలమంది దాకా. ఇటలీ కొండల్లో మనవాళ్ల డివిజన్లు మూడు పోరాడాయి: 4, 8, 10. ఎవరు పంపారు? మనల్ని ఏలుతున్న దొర. ఎందుకు పంపాడు? ప్రపంచ స్వేచ్ఛ కోసమట! ఎవడి ప్రపంచం, ఎవడి స్వేచ్ఛ?

అదే యుద్ధం నడుస్తుండగా, 1942 ఆగస్టు 12న, తెనాలి జనం కూడా స్వేచ్ఛే అడిగారు. గాంధీని అరెస్టు చేశారని రోడ్డెక్కారు. అదే దొర పోలీసులు కాల్చారు. ఏడుగురు పోయారు. ఆ కూడలిని ఇప్పటికీ రణరంగ చౌక్ అంటాం. పోయినవాళ్ల గుర్తుగా స్తూపాలున్నాయి. తెనాలిలో సినిమాకి వచ్చి ఆ చౌక్ మీదుగా పోనివాడెవడు? "రణరంగ చౌక్ దగ్గర దించు" అని ఆటో అబ్బాయికి చెబుతాం. ఏ రణమో, ఎవరి రంగమో అడగం. దించితే చాలు. కొత్త సినిమా రిలీజంటే హీరో ముఖాల ఫ్లెక్సీలు ఎంత ఎత్తున లేస్తాయో మీకు తెలుసు. ఇటలీలో మంచు బాగుందా లేదా అని రెండు గంటలు వాదించినవాళ్లలో ఒక్కడన్నా మన చౌరస్తాలో కురిసిన తూటాలకి రేటింగ్ ఇచ్చాడా? పోనీ రెండు ముప్పావు?

ఇప్పుడు కన్నీళ్ల సంగతికి వద్దాం. సినిమాలో ఒక యూదుల పసిబిడ్డ ఉంటుంది. జర్మన్లు చంపేస్తారని మన సైనికులు కాపాడతారు. పుట్టుకని బట్టి మనిషిని చంపేస్తారా, పసిబిడ్డనయినా వదలరా అని హాలంతా నిశ్శబ్దం. పక్క సీట్లో మావయ్య కండువాతో కళ్లొత్తుకున్నాడు. నేను చూశాను. నాటకం కాదు, నిజంగానే ఏడ్చాడు. మంచి మనిషే. కోడి కాలు విరిగినా కట్టు కట్టిస్తాడు.

ఆ తర్వాత సీను ఊళ్లోకి మారింది. తక్కువ కులం కుర్రాడు, జమీందారు ఆడపిల్ల. ఊరిని రెండుగా చీల్చి మధ్యలో కంచె. కండువా భుజం మీదకి వెళ్లిపోయింది. మావయ్య సెల్‌ఫోన్ తీశాడు. ల్యాగు మొదలైంది.

ఇటలీకి అమృతలూరుకి ఎంత దూరమో నాకు లెక్క తెలియదు. చుండూరు మాత్రం పక్క మండలం.

1991 జులై 4. సినిమా హాలు. చదువుకుంటున్న ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో ఉన్న అగ్రకుల యువకుడికి తగిలింది. అంతే. సినిమా హాల్లో కాలు తగలటం! మీకెన్నిసార్లు తగిలింది? నాకు లెక్కలేదు. చీకట్లో ఎవడి కాలు ఎవడికి తగిలిందో ఎవడు చూడొచ్చాడు? చూశారు. చీకట్లో కూడా కులం కనపడే కళ్లు మా దగ్గర ఉన్నాయి. అక్కడ మాటామాటా పెరిగింది. మర్నాటి నుంచీ ఊళ్లో కథ మారింది. దళితులకి పనులు బంద్. బహిష్కారం. వానలు పడ్డాయి, నాట్ల రోజులు, కూలికి పిలిచేవాడు లేడు. నెల తిరిగింది. ఆగస్టు 6న, పోలీసు పికెట్ ఊళ్లో ఉండగానే, పట్టపగలు, తరిమి తరిమి ఎనిమిది మందిని నరికారు. శవాలని గోతాల్లో కట్టి తుంగభద్ర డ్రెయిన్‌లోనూ కాలువలోనూ పారేశారు.

సినిమా హాల్లో మొదలైంది, అర్థమైందా? మనం ఇవాళ యుద్ధం సినిమాకి వెళ్లి, జర్మన్లు ఎంత దుర్మార్గులో చూసి, ముక్కు చీది వస్తున్నామే, అలాంటి ఒక హాల్లో.

"1991లో ఏం చేశావు మావయ్యా?" అని ఆ రోజు అడగలేదు. అడగాల్సింది. అడిగితే ఆయన నన్ను కూడా అడిగేవాడు. నేనేం చేశాను? ఆ ఆగస్టులో మా ఇంట్లో నాట్ల గురించి మాట్లాడుకున్నాం. కాలవకి నీళ్లు వస్తాయా రావా అని మాట్లాడుకున్నాం. "గొడవల్లోకి పోమాకండి" అని పెద్దవాళ్లు చెబితే బుద్ధిగా తలూపాం. అటువైపు బస్సులో పోతూ కిటికీ అద్దం మూసుకున్నాం. ఇదీ మా ఆనాటి రివ్యూ.

సినిమాలో దర్శకుడు క్రిష్ రెండు గంటల్లో కంచె పీకించాడు. హీరో శవం ఊరికి వస్తుంది, ఉత్తరం చదువుతారు, మనసులు మారతాయి, కంచె లేస్తుంది, శుభం. బయట అంత తేలిగ్గా రీలు తిరగదు. చుండూరు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. తీర్పు రావటానికి 2007 జులై 31 దాకా పట్టింది. పదహారేళ్లు. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. హమ్మయ్య అనుకునేలోపు 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. అంటే ఎనిమిది మంది చచ్చిపోయారు. చంపినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. గోతాలు వాటంతటవే కట్టుకుని, వాటంతటవే కాలవలో దూకాయి కాబోలు.

ఆ తీర్పు వచ్చిన ఏడాదిన్నరకే 'కంచె' విడుదలైంది. మా మావయ్యకి ల్యాగు కాక ఇంకేమవుద్ది?

'కంచె' చూసిన సాయంత్రం బస్సు దొరక్క షేరింగ్ ఆటో ఎక్కాం. డ్రైవరు పక్కన వేలాడుతూ ఒక కుర్రాడు. మా ఊరి పల్లెలోవాడే, పొలం పనులకి వస్తాడు. వాడూ అదే షో చూశాడు. "ఎట్టా ఉందిరా?" అన్నాను, ఏదో గొప్ప మాట వస్తుందని ఆశపడి. వాడు కాసేపు ఆలోచించాడు. "బాగుందన్నా. కంచె మాత్రం కుదర్లేదు. కర్రలు మరీ దగ్గరగా పాతారు. మేమైతే బారకొకటి పాతుతాం. ముళ్లతీగ కూడా లాగి కట్టలేదు, సాగిపోయి ఉంది."

ఇది కదా రివ్యూ! ఇటలీ, హిట్లర్, అవార్డు, బీజీఎం అన్నీ పక్కకి పోయాయి. పనివాడు పనితనం చూశాడు. ఎవరి పొలానికైనా, ఎవరి ఇంటికైనా, ఆఖరికి తనని లోపలికి రానివ్వని దొడ్డికైనా కంచె వేసేది వాడే. కూలి వాడిది, ముల్లు గుచ్చుకునేది వాడికి, హద్దు మాత్రం మాది. మావయ్య వెనక సీట్లో నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాడు. నిద్ర పట్టలేదని నాకు తెలుసు, గురక రాలేదు.

ఆ తర్వాత యుద్ధం సినిమాల వరస మొదలైంది. 2017 ఫిబ్రవరి 17న 'ఘాజీ'. సంకల్ప్ రెడ్డి తీశాడు. పాటల్లేవు. "పాటల్లేకుండా సినిమా ఏంది, తద్దినం కూడా మంత్రాల్లేకుండా పెట్టం గదా" అన్నాడొకాయన. "సబ్‌మెరైన్లో డ్యూయెట్ ఎక్కడ పెడతారయ్యా?" అన్నాడింకొకాయన. "పెట్టాలంటే పెట్టలేరా? కల అనొచ్చు గదా!" ఈ చర్చ నలభై నిమిషాలు నడిచింది.

అసలు తమాషా హాల్లో జరిగింది. 2016 నవంబర్ 30న సుప్రీంకోర్టు ప్రతి సినిమాకి ముందు జాతీయ గీతం వెయ్యమంది. వేస్తున్నారు. లేస్తున్నాం. ఒక చేతిలో పాప్‌కార్న్, ఇంకో చేతిలో పిల్లాడు. 'ఘాజీ' విడుదలకి మూడు రోజుల ముందు, ఫిబ్రవరి 14న, కోర్టే మళ్లీ ఒక వివరణ ఇచ్చింది: కథలో భాగంగా గీతం వస్తే లేవనక్కర్లేదు. ఈ సంగతి తెనాలి బాల్కనీకి ఎవరు చెబుతారు? తెర మీద సబ్‌మెరైన్లో నావికులు జనగణమన ఎత్తుకున్నారు. సగం హాలు లేచింది. సగం లేవలేదు. లేచినవాళ్లు కూర్చున్నవాళ్లని దేశద్రోహుల్ని చూసినట్టు చూశారు. కూర్చున్నవాళ్లు "తల అడ్డు తియ్యవయ్యా" అన్నారు. సముద్రం అడుగున పాకిస్తాన్ జలాంతర్గామి ఎదురుగా ఉంది, ఇక్కడ బాల్కనీలో అంతర్యుద్ధం. 2018 జనవరిలో కోర్టు ఆ తప్పనిసరిని ఎత్తేసింది. దేశభక్తికి కూడా జీవోల్లాగే సవరణలు వస్తాయని అప్పుడు తెలిసింది.

బయటికొచ్చాక ఇంకో వింత. సినిమా మొదట్లోనే ఇది కల్పన అని వేశారు. ఆ రెండు నిమిషాలూ మనం సీటు వెతుక్కుంటూ ఉంటాం. దాంతో బయటికి రాగానే అందరూ చరిత్రకారులే. "మన సబ్‌మెరైనే ముంచింది గదా, నేను చూశా!" ఎక్కడ చూశావు? హాల్లో. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. మన నేవీ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే కారణమంది. పాకిస్తాన్ వాళ్లేమో తమ మందుపాతరే తమ మీద పేలిందన్నారు. లోపల తొంభైమందికి పైగా నావికులు. ఆ శకలం ఇప్పటికీ విశాఖ సముద్రం అడుగునే ఉంది. అసలు ఏం జరిగిందో తెలుసుకోవాలని ఎవడికన్నా ఉందా? నూట ఇరవై రూపాయలు పెట్టి చరిత్ర కొనుక్కున్నాం, బిల్లు ఉంది, ఇంకేం కావాలి?

2024 మార్చి 1న 'ఆపరేషన్ వాలెంటైన్'. 'కంచె'లో తుపాకీ పట్టిన వరుణ్ తేజే ఇందులో విమానం ఎక్కాడు. "ప్రమోషన్ వచ్చిందిరా" అన్నాడు మావయ్య. గ్రాఫిక్స్ బాగున్నాయని ఒకరు, బొమ్మల్లా ఉన్నాయని ఇంకొకరు. రెండు వర్గాలూ తన్నుకోబోయాయి. కథకి మూలం పుల్వామా దాడి. అక్కడ 2019 ఫిబ్రవరి 14న 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. అంత పేలుడు పదార్థంతో ఒక బండి వాళ్ల కాన్వాయ్ దాకా ఎలా వచ్చింది? ఈ ప్రశ్న అడిగే పాత్ర ఎవరికన్నా గుర్తుందా? దానికి గ్రాఫిక్స్ అక్కర్లేదు కదా, ఒక మనిషి చాలు.

2025 మే నెల చూడండి. 7న ఆపరేషన్ సిందూర్. సరిహద్దులో గుళ్లు ఇంకా పేలుతున్నాయి. ముంబైలో టైటిళ్ల కోసం నిర్మాతలు క్యూ కట్టారు. ఆ రోజే 'ఆపరేషన్ సిందూర్' పేరు మీద ట్రేడ్‌మార్కు కావాలని రిలయన్స్ సంస్థ నుంచి దరఖాస్తు పడింది. దేశమంతా ముఖాన ఉమ్మేసేసరికి మర్నాడు వెనక్కి తీసుకున్నారు. ఒక జూనియర్ ఉద్యోగి అనుమతి లేకుండా పెట్టేశాడట! ఎంత చురుకైన జూనియరో! సరిహద్దు నుంచి సమాచారం పూర్తిగా రాకముందే వినోద సేవల విభాగంలో ఫారం నింపేశాడు. అలాంటివాడు సైన్యంలో ఉంటే యుద్ధం పొద్దున్నే అయిపోయేది. ఆ తర్వాత రెండు రోజులకే, 9న, సత్యసాయి జిల్లా కల్లితండా కుర్రాడు, అగ్నివీరుడు మురళీ నాయక్ సరిహద్దులో చనిపోయాడు. ఆ కుర్రాడి పేరుకి ట్రేడ్‌మార్కు అడిగినవాడు లేడు. పేరులో వ్యాపారం లేదు.

దేశభక్తికి రేటు కట్టడంలో మన ప్రభుత్వాలు కూడా తక్కువ తిన్లేదు. 2021 ఏప్రిల్‌లో జీవో 35 వచ్చింది. గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాల్లో కింది తరగతి టికెట్టు 5 రూపాయలు. ఐదు! టీ కన్నా చవగ్గా యుద్ధం. హాళ్లవాళ్లు లబోదిబోమన్నారు. 2022 మార్చిలో జీవో 13తో రేట్లు సవరించారు. ప్రభుత్వం మారింది. ఇప్పుడు పెద్ద సినిమా వస్తుందంటే ముందు ట్రైలరు వస్తుంది, తర్వాత పెంపు జీవో వస్తుంది, ఆఖరున సినిమా వస్తుంది. మూడింటిలో కచ్చితంగా టైముకి వచ్చేది జీవో.

వెనకటికి హాల్లో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ ఉండేవి. ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. నేల మీదవాడు ముందు ఈల వేసేవాడు, బాల్కనీలోవాడు "అలగాజనం" అనేవాడు. ఇద్దరూ ఒకే సీనుకి ఏడ్చేవాళ్లు, వేరే గేట్లలోంచి బయటికి పోయేవాళ్లు. ఇప్పుడు బాగుపడ్డాం. ఫోన్లో సీటు బుక్ చేస్తే కులం అడగడు. కన్వీనియన్స్ ఫీజు అడుగుతాడు. పెంచిన రేటు చూసి ఆటోలోని ఆ కుర్రాడు రావటం మానేశాడు. వాణ్ణి ఎవరూ గేటు దగ్గర ఆపలేదు సుమా! వాడే రాలేదు. తర్వాత ట్రేడ్ పండితుడు టీవీలో కూర్చుని "సి సెంటర్లలో ఆదరణ తగ్గిందండీ" అని బాధపడతాడు.

మొన్న మావయ్య ఫోన్ చేశాడు. ఇంకో యుద్ధం సినిమా వస్తోందట. మనవడు ఆన్‌లైన్లో టికెట్లు తీస్తున్నాడట, నన్నూ రమ్మన్నాడు. "ఇందులో ఆ ఊరి కంచె గొడవలేం లేవులేరా అబ్బాయ్. అంతా బోర్డరే!" అన్నాడు సంబరంగా. వస్తానని చెప్పాను. చెప్పక ఏం చేస్తాను?

చుండూరులో ఆ ఎనిమిది మందినీ ఊరి మధ్యే పూడ్చారు. ఆ చోటుని రక్తక్షేత్రం అంటారు. తెనాలి నుంచి ప్యాసింజరు రైలెక్కితే దగ్గరే. లోపలికి టికెట్టు లేదు. రేటు పెంపు జీవో రాలేదు. బెనిఫిట్ షోలు వెయ్యరు.